డబ్బు పుచ్చుకుంటే మనసు పెట్టనట్టేనా?

సంపాదక మహాశయా,

స్కాట్లాండ్ జానపద గీతాలకు బేతోవెన్ కూర్చిన సంగీతంపై గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అవి ‘డబ్బు కోసం మొక్కుబడిగా చేసినవి’ అన్న తీర్పు సబబు కాదు.

ఎడిన్‌బరో ప్రచురణకర్త జార్జ్ థామ్సన్ సొమ్మిచ్చి రాయించుకున్న మాట నిజమే. అంతకుముందు హైడన్ కూడా ఆయనకు అలాగే రాసిచ్చాడు. కానీ థామ్సన్ చాలాసార్లు ఒట్టి బాణీలే వియన్నాకు పంపేవాడు. సాహిత్యం కూడా పంపమని బేతోవెన్ పదేపదే అడిగాడు. మొక్కుబడి పనివాడికి పాట భావంతో పనేముంది? పియానో భాగాలు కష్టంగా ఉన్నాయి, తేలిక చేయమంటే, రాసినదాన్ని దిద్దడం తనకు అలవాటు లేదని 1813లో బదులిచ్చాడు. అడిగినవాటికి మళ్లీ కొత్తగా రాసిచ్చాడు.

1818లో వెలువడిన ఓపస్ 108లోని 25 పాటలు వినండి. బాణీ జానపదులదే. దానికి ముందూ వెనకా వయొలిన్, చెల్లో, పియానో అల్లిన సంగీతం బేతోవెన్‌ది.

లోపం లేదనను. చరణం భావం మారినా వాద్యసహకారం మారదు, అదే తిరిగి వస్తుంది. వ్యాసకర్త ఆ మాట అని ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

– ఒక పాఠకురాలు, వరంగల్