మైకు ముందు వణికింది నోరు కాదు

పోయిన సెమిస్టర్ టెక్నికల్ సెమినార్ రోజున నేను స్టేజీ మీద 11 సెకన్లు నోరు తెరవకుండా నిలబడ్డాను. ఆ లెక్క నాది కాదు, వీడియో తీసిన మా బెంచివాడిది. ఆ వీడియో ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో మా బ్రాంచి వాళ్ళకి చెప్పక్కర్లేదు. సబ్జెక్టు రాక కాదు. స్లైడ్లన్నీ నేనే చేసుకున్నాను, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ "గుడ్ మార్నింగ్" అన్నాక నాలుక అంగిలికి అతుక్కుపోయింది. చేతిలో లేజర్ పాయింటరు ఎర్రచుక్క గోడ మీద ఈగలా తిరిగింది.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ప్రభుత్వ బడిలో టీచరు. సంగతంతా చెప్పాను. ధైర్యం చెప్తుందేమో అనుకుంటే, "పొద్దున ఏం తిన్నావు?" అంది. ఏమీ తినలేదు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" నాలుగింటికి. "మంచినీళ్ళైనా తాగావా?" రెండు కాఫీలు తాగానమ్మా. "మరింకేం నాన్నా" అని ఊరుకుంది.

నాకు ఒళ్ళు మండింది. పరువు పోయి నేనేడుస్తుంటే ఇడ్లీల లెక్క అడుగుతుందేంటి? తర్వాత నిదానంగా ఆలోచిస్తే, నా సెమినార్ మీద అంతవరకు ఎవరైనా అడిగిన పనికొచ్చే ప్రశ్నలు ఆ మూడే అనిపించింది. సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో మనకి చెప్పేదేంటి? "కాన్ఫిడెంట్‌గా ఉండండి." కరెంటు పోయినప్పుడు "వెలుతురుగా ఉండండి" అన్నట్టుంటుంది నాకది. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోట్లో లాలాజలం తగ్గుతుంది, చేతులు వణుకుతాయి. ఇది ఏళ్ళ తరబడి మాట్లాడేవాళ్ళకీ కొంత ఉంటుంది. నా తప్పల్లా, స్టేజీ ఎక్కకముందే సగం వణుకుతున్న ఒంటిని తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టడం. నిద్ర లేదు, కడుపు ఖాళీ, పైగా కాఫీ. అప్పుడు చెయ్యి కొంచెం వణికితే అది చూసి ఇంకా భయం, ఆ భయానికి ఇంకా వణుకు. మైకుని స్పీకరు దగ్గరికి తీసుకెళ్తే కుయ్యిమని కూస్తుంది చూడండి, అచ్చం అదే. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. అలా కూసేటప్పుడు మైకుకి ధైర్యం చెప్తామా? గెయిన్ తగ్గిస్తాం. ఒంటికి గెయిన్ తగ్గించేవి తిండి, నిద్ర, నీళ్ళు, ఊపిరి. ఇంతే నా వాదన. చప్పగా ఉందని నాకూ తెలుసు.

నీళ్ళ సంగతి అమ్మని చూసే నేర్చుకున్నాను. రోజుకి ఐదారు పీరియడ్లు మైకు లేకుండా మాట్లాడే మనిషి. మేమైతే మాట్లాడేముందు గొంతు పొడిబారితే గటగటా ఒక గుక్క తాగుతాం. నోరు తడుస్తుంది కానీ స్వరతంతువులకి ఆ నీళ్ళు తగలవు, అవి ఉండేది గాలి దారిలో. తాగిన నీరు ఒంటికి పట్టి, అక్కడి పొర తడిగా ఉండాలంటే టైమ్ పడుతుంది. అందుకే అమ్మ పొద్దున లేచింది మొదలు కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటుంది. ఇంకోటి, ఎప్పుడూ గొంతు సవరించుకోదు. మాట్లాడేటప్పుడు ఆ తంతువులు సెకనుకి మగవాళ్ళలో వందకి పైగా, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు కదులుతాయి. గట్టిగా "ఖం ఖం" అన్నప్పుడల్లా అవి ఒకదానికొకటి కొట్టుకుంటాయి. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటే ఒక గుటక మింగడం మేలు. (మా హాస్టల్లో వాటర్ కూలర్ కింద ఫ్లోర్లో, మా రూము మూడో ఫ్లోర్లో. మా దాహానికి అదొక్కటే కారణం అనను గానీ, దాని వాటా దానికుంది.)

నిద్ర గురించి ఎక్కువ చెప్పను, మీరు నవ్వుతారు. కానీ చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. చివరి నాలుగు స్లైడ్ల కోసం ముందు చదివినవన్నీ తాకట్టు పెట్టాను నేను. పైగా తాగిన కెఫీన్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అర్ధరాత్రి కాఫీ నాలుగింటికి పడుకున్నాక కూడా మనతోనే పడుకుంటుంది.

ఇక ఊపిరి. "గట్టిగా గాలి పీల్చుకో" అంటారు గానీ అసలు కీలకం వదలడంలో ఉంది. పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఏడెనిమిది లెక్కపెడుతూ వదలాలి. పేరు పిలిచేలోపు ఐదారుసార్లు చేస్తే చాలు, పక్కవాడికి కూడా తెలీదు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు పోతన పద్యం మధ్యలో ఆగకుండా చదివించేవారు. అప్పుడది శిక్ష అనుకున్నాం, ఊపిరిని పొదుపుగా వాడే సాధన అదేనని ఇప్పుడు తెలిసింది.

ఆ 11 సెకన్ల సంగతికొస్తాను. యూట్యూబులో అష్టావధానాలు చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు, అందులో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే మధ్యలో అడ్డు తగలడం. అవధాని ఆగుతాడు, నవ్వుతాడు, పైకి చూస్తాడు, తర్వాత అందుకుంటాడు. ఆ ఆగడాన్ని ఎవరూ తప్పు పట్టరు, పైగా ఎదురుచూస్తారు. మనం మాత్రం రెండు సెకన్లు ఆగితే పరువు పోయిందనుకుని "అంటే... సో... బేసిగ్గా" అని ఆ ఖాళీలో చెత్త పోస్తాం. మన స్క్రిప్టు ముందు కూర్చున్నవాళ్ళ దగ్గర లేదు కదా. ఎక్కడ ఆగామో, ఏం మర్చిపోయామో వాళ్ళకేం తెలుసు?

ఇదంతా రాయడానికి అసలు కారణం మా రూమ్మేటు. టెన్త్ దాకా తెలుగు మీడియం. మా ఫ్లోర్లో సగం మందికి సర్క్యూట్లు నేర్పింది వాడే. మొన్న మాక్ గ్రూప్ డిస్కషన్‌కి పేరివ్వమంటే "నాకు స్టేజీ సెట్ కాదు మామా, మనం కోడింగ్ రౌండు వరకే" అన్నాడు. పోయినసారి ఏమైందని అడిగితే, టెన్షన్‌తో పొద్దుట్నుంచి ఏమీ తినలేదట. మధ్యాహ్నం మూడింటికి వాడి వంతు వచ్చింది. ఆ ఒక్క పూట ఆకలిని పట్టుకుని వాడు తన మీద తీర్పు రాసేసుకున్నాడు. ఇంగ్లీషు భయం నిజం కాదని నేననను, ఇడ్లీ తింటే గ్రామర్ రాదు. రోజూ నిద్ర పట్టనంత, క్లాసుకే వెళ్ళలేనంత ఆందోళన ఉంటే డాక్టరునో కౌన్సెలర్నో కలవాలి, ఈ చిట్కాలు దానికి చాలవు. కానీ మనలో చాలామంది "మాటకారితనం పుట్టుకతో రావాలి" అని పక్కకి తప్పుకునేది ఇలాంటి ఒకటి రెండు పాడు రోజుల్ని చూసే.

పోయిన నెల మన క్లబ్బు మీటింగులో ఐదు నిమిషాలు మాట్లాడాను. ముందురోజు పదకొండింటికి పడుకున్నాను, పొద్దున మెస్సులో ఉప్మా తిన్నాను (ఇది త్యాగమే). చేతులు వణికాయి. కాయితం బల్ల మీద పెట్టేశాను. గొంతు మాత్రం నాదే వచ్చింది.

గురువారం సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద ఓ నలుగురం కూర్చుని చెరో పేజీ గట్టిగా చదువుకుంటున్నాం. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే, నవ్వేవాళ్ళు కూడా రావచ్చు. రూమ్మేటు వస్తానన్నాడు. ఏదైనా తిని రమ్మన్నాను.