ఒళ్ళు తూలుతోంది, పరీక్షల్లో ఏమీ లేదు!

"కళ్ళు తిరగటం లేదండీ. కాని ఎప్పుడూ పడవలో నుంచున్నట్లే ఉంటుంది." మా ఆస్పత్రికి వచ్చిన నలభై రెండేళ్ళ గృహిణి చెప్పిన మాటలివి.

ఎనిమిది నెలల క్రితం ఒకనాటి ఉదయం పక్కకి ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగిందట. ఆ తిప్పు వారంలో పోయింది. తూలు మాత్రం పోలేదు. ఇంట్లో కూర్చుంటే ఫరవాలేదు. కూరల మార్కెట్టుకి వెళ్ళినా, గళ్ళ టైల్సు మీద నడిచినా, సెల్‌ఫోనులో బొమ్మలు చకచకా కదిలినా ఎక్కువవుతుంది. పైత్యమని కషాయం తాగింది. మెడ ఎముకలు అరిగాయంటే పట్టీ వేసుకుంది. స్కానింగులో ఏమీ లేదన్నారు. "ఏమీ లేకపోతే ఎందుకీ నటన?" అని ఇంట్లోవాళ్ళు విసుక్కోవటం మొదలెట్టారు. ఆమె గడప దాటటం మానేసింది.

ఇది నటన కాదు. 2017లో బరానీ సొసైటీ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఈ జబ్బు లక్షణాలను నిర్ణయించింది. దీన్ని పొట్టిగా పి.పి.పి.డి. అంటారు. మూడు నెలలు, అంతకు మించి, దాదాపు రోజూ తూలు ఉండటం. నిలబడినా, కదిలినా, రద్దీని చూసినా అది పెరగటం ముఖ్య లక్షణాలు.

ఎందుకొస్తుంది?

లోపలి చెవి, కళ్ళు, పాదాలు, కీళ్ళు పంపే కబుర్లను కలుపుకుని మెదడు మనల్ని నిలబెడుతుంది. చెవికి జబ్బు చేసినప్పుడు అది కళ్ళనే ఎక్కువగా నమ్మి, ఒళ్ళు బిగబట్టి నడిపిస్తుంది. జబ్బు తగ్గాక పాత పద్ధతికి రావాలి. కొందరిలో రాదు. కాలుజారి పడినవాడు, తడి ఆరిన తర్వాత కూడా గోడ పట్టుకు నడిచినట్లన్నమాట! అవయవం చెడలేదు, పని చేసే తీరు మారింది. అందుకే స్కానింగులో కనపడదు. కంగారు దీన్ని పెంచుతుంది. కాని ఇది ఒట్టి కంగారు కాదు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి వారికి "నరాల బలహీనత" అని చెప్పి బలం మాత్రలు రాసి పంపినవాణ్ణే. అది నా పొరపాటు.

ఏం చెయ్యాలి?

ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకో, నరాల డాక్టరుకో చూపించండి. రక్తహీనత, లేచినప్పుడు బి.పి. పడిపోవటం, వాడే మందుల ప్రభావం, చెవి జబ్బులు ఉన్నాయేమో వారు చూస్తారు. ఎలా మొదలైందో, ఎప్పుడు పెరుగుతుందో కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

తల తిరుగుడు మాత్రలు మొదటి కొద్ది రోజులకే. నెలల తరబడి మింగితే మెదడు సర్దుకోవటం ఆలస్యమవుతుంది.

అసలు మందు వ్యాయామం. బొటనవేలిని చూస్తూ తలను అటూ ఇటూ తిప్పటం, కూర్చుని లేవటం, తల తిప్పుతూ నడవటం వంటివి ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. కొద్దికొద్దిగా, రోజూ చెయ్యాలి. మొదట్లో తూలు కాస్త పెరుగుతుంది. భయపడి మానకండి. పక్కన ఒకరుంటే మంచిది.

కొందరికి డాక్టరు చిన్న మోతాదులో దిగులుకు వాడే మాత్రలు రాస్తారు. అవి పిచ్చి మాత్రలు కావు. గుణం కనపడటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మీ అంతట మీరు ఆపకండి. భయం బాగా పాతుకుపోతే మానసిక వైద్యుల సలహా మేలు చేస్తుంది.

ఉన్నట్టుండి మాట తడబడటం, మూతి వంకర పోవటం, ఒక వస్తువు రెండుగా కనపడటం, కాలో చెయ్యో పట్టు తప్పటం, చెవి వినపడకపోవటం, భరించలేని తలనొప్పి—వీటిలో ఏది వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంట్లోవారికొక మాట. "ఏమీ లేదు" అనకండి. అలాగని మంచం దిగనివ్వకుండా కాపలా కాయవద్దు. చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించండి.

ఆ గృహిణి అయిదు నెలల తర్వాత బస్సులో ఒక్కతే వచ్చింది. "పూర్తిగా పోలేదండీ. కాని దాని సంగతి గుర్తుండటం లేదు" అంది. మిగతాది కూడా అలాగే తగ్గుతుందని చెప్పి, వ్యాయామం మానవద్దన్నాను.