ప్రోగ్రాం చెప్పింది సరే, భూమి వినాలిగా?

"మోడల్ రన్ చేశాం, అంతా పచ్చగా వచ్చింది, ఇంక భయమేంటి?" అణు రియాక్టర్ల ప్రస్తావన వస్తే మన సాఫ్ట్‌వేరు జనాలు చాలామంది అనే మాట ఇది. నేను రియాక్టర్లకి వ్యతిరేకిని కాను. ఈ మాటకి వ్యతిరేకిని.

రియాక్టరు పైపుకి రెండు కష్టాలు. పది మీటర్ల ఉక్కు గొట్టం 30 డిగ్రీల నుంచి 290కి వేడెక్కితే మూడు సెంటీమీటర్లు సాగుతుంది. కదలకుండా బిగిస్తే వేడికి పగుళ్ళిస్తుంది, వదులుగా వదిలేస్తే భూకంపానికి ఊగి తెగుతుంది. అందుకే స్నబ్బర్లు పెడతారు. మెల్లగా సాగితే ఊరుకుంటాయి, ఒక్కసారిగా కుదిపితే పట్టేస్తాయి. ఎక్కడ ఎన్ని పెట్టాలో తేల్చేది ప్రోగ్రామే.

మరి ప్రోగ్రామే తప్పయితే? 1979 మార్చి 13న అమెరికా అణు నియంత్రణ సంస్థ బీవర్ వ్యాలీ, ఫిట్జ్‌పాట్రిక్, మెయిన్ యాంకీ, సర్రీలో రెండు.. మొత్తం ఐదు రియాక్టర్ల మూసివేతకి ఉత్తర్వులిచ్చింది. కారణం, పైపుల ప్రోగ్రాంలో ఒక కూడిక! భూకంప బలాలని ప్లస్సు మైనస్సులతో సహా కూడేశారు. ఉదాహరణకి ఒక దిశలో ఊపు వల్ల 40, ఇంకో దిశలో ఊపు వల్ల మైనస్ 30 వస్తే మొత్తం 10 అంది. కానీ ఊపుకి ఒక గుర్తంటూ ఉండదు, క్షణంలో తిరగబడుతుంది. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 50. ప్రోగ్రాం క్రాష్ అవలేదు, వార్నింగూ ఇవ్వలేదు. బీవర్ వ్యాలీలో పాత లెక్కని కొత్త పద్ధతిలో మళ్ళీ చేశారు కాబట్టి బయటపడింది.

సరే, కోడ్ కరెక్టే అనుకుందాం. ఇన్‌పుట్ సంగతి? మా జహీరాబాద్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే కిల్లారి ఉంది. అప్పటి భూకంప పటంలో అది జోన్ 1, అంటే అన్నిటికన్నా భద్రం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వేలమంది శిథిలాల కింద పోయారు. 2002లో పటం మార్చి, జోన్ 1 అన్నదాన్నే ఎత్తేశారు. 1993కి ముందు ఆ పటం నమ్మి మోడల్ చేసుంటే? అది కూడా పచ్చగానే వచ్చేది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. "లేటెస్ట్ సాఫ్ట్‌వేరు వాడతాం" అంటే నాకు చాలదు. ఒకరితో ఒకరికి సంబంధంలేని రెండు బృందాలు, రెండు వేర్వేరు ప్రోగ్రాములు, భూమి ఎంత ఊగుతుందని అనుకున్నారో ఆ అంకె జనం ముందు. ఇవి కావాలి. జీతాల సాఫ్ట్‌వేరుకే పాత సిస్టంతో పక్కపక్కన రెండు నెలలు రన్ చేసి సరిచూస్తాం కదా, రియాక్టరుకి అడిగితే మాత్రం అభివృద్ధి నిరోధకులమా?