డెంగీ అంటదు, మరి అంటువ్యాధి ఎలా అయింది?

2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీ జ్వరాన్ని ‘ఎపిడమిక్ డిసీజ్’గా నోటిఫై చేసింది. కన్నడలో అది ‘సాంక్రామిక రోగ’ అయింది. మన ఇళ్లలో దాన్ని ‘అంటువ్యాధి’ అని చెప్పుకున్నాం. చిక్కు అక్కడే మొదలైంది.

అంటువ్యాధి అనగానే ముట్టుకుంటే వచ్చేదనుకుంటాం. డెంగీ అలా రాదు, ఏడిస్ దోమ కుట్టాలి. కానీ మాట చేసే పని చూడండి. పక్కింట్లో డెంగీ అని తెలిస్తే పలకరించడానికి కూడా వెళ్లం. మన మేడమీద మూత లేని డ్రమ్ము మాత్రం అలాగే ఉంటుంది. ఆ దోమ పెరిగేది మురుగుకాలవలో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలోనే. కుట్టేది ఎక్కువగా పగటిపూట. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

ఎపిడమిక్ అన్నది గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘జనం మీద పడ్డది’ అని దాని మూలార్థం; అంటుకోవడం అన్న ఊసే అందులో లేదు. ఒకచోట మామూలుగా వచ్చే కేసులకన్నా బాగా ఎక్కువ వస్తే ఎపిడమిక్. అదే దేశాలు దాటి పాకితే పాండెమిక్. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను అన్నది ఈ రెండో మాటే. తమిళుల ‘కొళ్ళై నోయ్’ దోచుకుపోయే జబ్బు. అందులోనూ అంటు లేదు. మనకున్న ‘మహమ్మారి’ని క్యాన్సర్‌కీ, డ్రగ్స్‌కీ, ఆఖరికి ప్లాస్టిక్‌కీ వాడి అరగదీశాం.

ప్రభుత్వం నోట ఆ మాట వస్తే చట్టం కదులుతుంది. బొంబాయి ప్లేగు రోజుల్లో, 1897లో బ్రిటిష్‌వాళ్లు ఎపిడమిక్ చట్టం తెచ్చారు. కర్ణాటక 2020లో సొంత చట్టం చేసుకుంది. డెంగీ నోటిఫికేషన్ వచ్చింది దాని కిందే. దోమలు పెరిగే నీళ్లు దొరికితే పట్టణంలో ఇంటికి 400 రూపాయలు, పల్లెలో 200 జరిమానా. కట్టడం సగంలో ఆగిన స్థలాలకు, ఖాళీ సైట్లకు పట్టణంలో 2,000. అంటే ఆ నోటీసు మాట్లాడేది రోగి గురించి కాదు, తొట్టె గురించి.

కన్నడ నోటీసు చదవడం మనకు కష్టమేమీ కాదు. ఇంట్లో అమ్మమ్మకు తెలుగులో చెప్పేటప్పుడే జాగ్రత్త కావాలి. ‘ఊళ్లో డెంగీ ప్రబలింది’ అంటే చాలు, ఆమెకు అర్థమవుతుంది. ఆ వెంటనే డ్రమ్ము సంగతి కూడా చెప్పండి.