వంకాయ నడిచిన వీధి

గుత్తివంకాయ కూర తిని పెరిగినవాణ్నే గాని, వంకాయలో కూర్చుని బజారుకి వెళ్లొచ్చని ఈ వయసుదాకా నాకు తోచలేదు. మొన్న ఆదివారం మనవణ్ని వెంటబెట్టుకుని హైదరాబాదు జూపార్కు చూసి, దగ్గర్లోనే బహదూర్‌పురాలో ఉన్న సుధా కార్ల మ్యూజియంలో అడుగు పెట్టాక తోచింది. ఊదారంగు పొట్ట, కింద చక్రాలు. అదీ వంకాయ కారు. ఆ వరసలోనే ఒక బర్గరు, ఒక క్రికెట్ బంతి, మనిషి దూరేంత ఎత్తుమడమల చెప్పు.

మావాడు ఒక్కటే అడిగాడు. ‘‘తాతా, ఇది నిజంగ నడుస్తదా?’’

నడుస్తుంది. కన్యబోయిన సుధాకర్ పని మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది. బడి రోజుల నుంచే పాత సామాను ఏరి బండ్లు కట్టడం మొదలుపెట్టిన ఈయన, తన చేతి బండ్లన్నిటికీ 2010లో ఇక్కడ నీడ కల్పించారు. నడవకపోతే అది ఊరేగింపులో అట్టబొమ్మ. నడిస్తేనే తమాషా.

మామూలు కారుకి ఆకారాన్ని గాలి, ఇంజిను, కూర్చునే మనిషి కలిసి నిర్ణయిస్తాయి. ఇక్కడ ఆకారం ముందే ఖాయమైపోయింది. బంతి బంతిలాగే ఉండాలి. మరి నడిపేవాడికి దారెలా కనపడాలి? ఇంజిను వేడి ఎటు పోవాలి? చెప్పు మడమ వైపు బరువెక్కి వెనక్కి ఒరగకుండా ఏం చెయ్యాలి? చూసేవాడికి నవ్వొచ్చే ప్రతిచోటా చేసేవాడికి ఒక చిక్కు ఉంటుంది. జోకు చెప్పేవాడు తడబడితే నవ్వు పోతుంది, అంతే. ఇక్కడ కొలత తప్పితే మనిషే పడతాడు. 2005 జులై 1న ఇదే నగరంలో సుధాకర్ 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఒక్కో చక్రం అడ్డుకొలతే 17 అడుగులు. అంటే నాలుగంతస్తుల మేడ కదిలి రోడ్డు మీదికి వచ్చిందన్నమాట. దాన్ని ఆటవస్తువని తేలిగ్గా అనగలమా?

ఈ బండ్లకి సందర్భం కూడా ఉంటుంది. పొగతాగొద్దని చెప్పడానికి సిగరెట్ బండి, హెల్మెట్ పెట్టుకొమ్మని హెల్మెట్ బండి. 2020లో ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆరు చక్రాల మీద, 100 సీసీ ఇంజినుతో కరోనా కారు బయల్దేరింది. ‘ఇంట్లోనే ఉండండి’ అని ఎన్ని బోర్డులు పెట్టినా చదవనివాడు, ముళ్లముళ్ల వైరస్ ఎదురొస్తే ఆగి చూడకుండా ఉంటాడా?

ఇలా ఆపి చూపించే బొమ్మ మన కూడళ్లలో ఏముంది? మన ఊళ్లలో కూడలి అంటే విగ్రహం. విగ్రహం అంటే ఎత్తైన దిమ్మె, చుట్టూ ఇనుప కమ్మీలు. జయంతికి ఒకసారి నిచ్చెన వేసి దండ వేస్తారు, వర్ధంతికి ఇంకోసారి. మిగతా రోజులన్నీ కాకులవి. గౌరవం చూపించడం తప్పని నేననను. కానీ ఊరి సొత్తయిన ప్రతి బొమ్మా మనల్ని తలెత్తి చూడమనేదే అయితే, పక్కన కూర్చోమనేది ఏది? సుందరీకరణ పేరిట ఈమధ్య ఊరి పేరును పెద్ద అక్షరాలతో నిలబెడుతున్నారు. ఫొటో దిగాక వాటితో ఇంకేం పని?

జనం మధ్యకొచ్చి వాళ్లతో ఆడే ఇలాంటి బొమ్మని ఇన్‌స్టలేషన్ అంటారని, పైదేశాల నుంచి నేర్చుకోవాలని చెప్పేవాళ్లున్నారు. మాట కొత్తదే గాని పని మనకి పాతదే. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకి చేలకడ్డంబడి భుజాల మీద వచ్చే ప్రభలు ఏమిటి? శివరాత్రికి కోటప్పకొండకి కదిలే ప్రభలు ఏమిటి? 1954లో ఒక్క అడుగుతో మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ 2014కి అరవై అడుగులైన ఖైరతాబాద్ వినాయకుడు? ఊరంతా చెయ్యి వేసి కట్టేది, మొయ్యేది, చివరికి విప్పేసేదో నీళ్లలో కలిపేసేదో. మనవాళ్లకి కళ అంటే జాతర. జాతరలో ‘తాకరాదు’ అని ఎవరూ రాయరు.

అందుకే మ్యూజియంలో నిలబెట్టిన బండి సగమే బండి అంటాను. మిగతా సగం రోడ్డు మీద ఉంది. సిగ్నల్ దగ్గర ఆటోవాడు మెడ బయటికి చాచి చూడటంలో, స్కూటరు మీద అమ్మ వెనక కూర్చున్న పిల్ల వేలు చూపించడంలో ఉంది. పురపాలక సంఘాలకి నా విన్నపం ఒక్కటే. వచ్చే బడ్జెట్‌లో దిమ్మెలకి కేటాయించే సొమ్ములో కొంత తీసి, ఎక్కి కూర్చునే బొమ్మకి, ఊగే బెంచీకి, తిప్పితే తిరిగే చక్రానికి ఇవ్వండి. దాంతోపాటు ఏడాది పొడుగునా వచ్చి బోల్టు బిగించే వెల్డరు జీతం కూడా అందులోనే రాయండి. ఆడుకునేది అరుగుతుంది. అరిగిందంటే పనిచేసిందనే లెక్క.

ఇంటికొచ్చాక మావాడు వంటింట్లోంచి ఒక వంకాయ తెచ్చి, అగ్గిపుల్లలు గుచ్చి, నాలుగు సీసా మూతలు తగిలించాడు. వదలగానే బోర్లా పడింది. కాసేపు చూసి, ముందు మూతలు ఇంకొంచెం ముందుకి జరిపాడు. ఈసారి నిలబడి జానెడు దూరం దొర్లింది. ఆ పూట కూరలో ఒక కాయ తక్కువ.