ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?

ఈ ప్రశ్న నేను హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి గుండెజబ్బుల విభాగంలో విన్నాను. అడిగింది డాక్టరు. కోపంగా కాదు, రోజంతా రోగుల్ని చూసిన అలసటతో అడిగారు. జవాబు చెప్పాల్సిన ఆమె ఉత్తర తెలంగాణలో ఒక పల్లె నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు. నేను ఆమెకు తోడుగా వెళ్ళాను. చంకలో 14 నెలల కొడుకు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. వాడి గుండెలో పెద్ద రంధ్రం ఉందని ఆరోజే తేలింది.

ఇలాంటి పెద్ద రంధ్రానికి మామూలుగా మొదటి ఏడాది లోపల, చాలామందికి మొదటి ఆరు నెలల్లోనే ఆపరేషను చెయ్యాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒక దశ దాటాక ఆపరేషను చెయ్యడానికి వీలుండదు. ఈ పిల్లవాడు ఆ దశ దాటాడో లేదో మరికొన్ని పరీక్షలు చేస్తేగాని చెప్పలేమన్నారు. ఆ తర్వాతే ఆ ప్రశ్న.

ఆమె లోపల నోరు విప్పలేదు. బయటికొచ్చాక నాతో అన్నది: "గుండె డాక్టరు దగ్గరికి పొమ్మని ఎవ్వలు చెప్పలే మేడం. పాలు తాగుతుంటే చెమటలు పడ్తున్నయ్, గుక్క తిప్పుకుంటలేడు అని నేనే చెప్పిన. బలం లేదన్నరు. టానిక్ రాసిన్రు."

ఆరోజు సాయంత్రం ఆమె వెంట తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచీలోని కాగితాలన్నీ నేలమీద పరిచి తేదీలవారీగా పేర్చాను. ఆ సంచీయే డాక్టరు ప్రశ్నకు జవాబు. 11 ఓపీ చీటీలు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, కళ్ళు, చెవులు, వికలాంగుల సర్టిఫికెట్ కోసం తిరిగిన కాగితాలు. థైరాయిడ్ పరీక్ష రెండు నెలల తేడాలో రెండుసార్లు చేశారు, ఎందుకంటే మొదటి ఫలితం రెండో గదికి చేరలేదు. గుండె పరీక్ష ఒక్కసారి కూడా లేదు. ప్రతి చీటీ వెనకా ఒక బస్సు ప్రయాణం, ఒకరోజు బీడీలు చుట్టకపోతే పోయిన కూలి, ఇంటి దగ్గర తమ్ముణ్ణి, మేకల్ని చూసుకోడానికి బడి మానిన పెద్దకూతురు ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆమె చేస్తున్నది అదీ.

గదికీ గదికీ మధ్య

ఈ కథలో దుర్మార్గుడైన డాక్టరు ఎవరూ లేరు. కళ్ళు చూసినవారు కళ్ళు సరిగ్గానే చూశారు. ఫిజియోథెరపీ చేయించినామె శ్రద్ధగా చేయించింది. అందరూ తమ తమ గదుల్లో తమ పని చేశారు. గదికీ గదికీ మధ్య ఉన్న వరండా మాత్రం ఎవరిదీ కాదు. బిడ్డ ఆ వరండాలో జారిపోయాడు.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. అందుకే లక్షణాలు కనపడినా కనపడకపోయినా పుట్టగానే గుండె స్కానింగ్ చేయించాలి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, వైద్య విద్యార్థులు చదివే పాఠం. థైరాయిడ్, చూపు, వినికిడి కూడా తప్పనిసరిగా, మళ్ళీ మళ్ళీ చూడాలి. అంటే ఈ పిల్లలకు కావలసింది ఒక గొప్ప డాక్టరు కాదు. ఎవరు ఏం చూశారు, ఏం చూడలేదు, తర్వాత ఎప్పుడు రావాలి అని గుర్తుపెట్టుకునే ఒక మనిషి. మస్తిష్క పక్షవాతం ఉన్న బిడ్డకైనా, తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకునే బిడ్డకైనా, మూర్ఛలతో బాధపడే బిడ్డకైనా ఇదే అవసరం.

1967లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం 'మెడికల్ హోమ్' అన్న మాట వాడినప్పుడు దాని మొదటి అర్థం చాలా చిన్నది: దీర్ఘకాలపు జబ్బులున్న పిల్లల వైద్య కాగితాలన్నీ ఒకచోట ఉండడం. ఆ మాట పుట్టి యాభై ఏళ్ళు దాటినా మన తల్లులకు ఆ 'ఒకచోటు' ప్లాస్టిక్ సంచీయే.

మన దగ్గర పథకం లేదా అంటే, ఉంది. 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్లో 30 రకాల ఆరోగ్య సమస్యల్ని గుర్తించాలన్నారు. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళాలన్నారు. గుర్తించిన పిల్లల కోసం జిల్లా కేంద్రంలో సత్వర చికిత్సా కేంద్రం, అందులో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి నిపుణులు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, ఒక మేనేజరు ఒకే కప్పు కింద ఉండాలన్నారు. చదివితే ఎంతో బాగుంటుంది. మనం అడగాలనుకున్నదంతా వాళ్ళే రాసిపెట్టినట్టు ఉంటుంది.

కానీ నేను చూసినంతలో ఈ వ్యవస్థ శ్రద్ధగా లెక్కపెట్టేది ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని రెఫర్ చేశారు అన్నదే. రెఫర్ అయిన బిడ్డ అక్కడికి చేరిందా, చేరితే ఏం చేశారు, తిరిగొచ్చాక ఎవరు చూశారు అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి కనపడరు. 'రెఫర్' అని రాయగానే రాసినవారి బాధ్యత తీరిపోతుంది. చీటీ నడవదు కదా, నడవాల్సింది తల్లి.

ప్రేమ అనే పేరుతో

సమన్వయం జరగడం లేదని అనడం నిజానికి తప్పు. సమన్వయం జరుగుతోంది. తల్లి చేస్తోంది. చదువు రాకపోయినా ఏ కాగితం ఏ గదిదో రంగుని బట్టి గుర్తుపెట్టుకుని, ఒక డాక్టరు చెప్పింది ఇంకో డాక్టరుకి తన మాటల్లో చెప్పి తిట్లు తిని, ఏ మాత్ర ఏ మాత్రతో వెయ్యకూడదో తెలుసుకుని చేస్తోంది. ఆసుపత్రిలో ఇదే పని ఒక ఉద్యోగి చేస్తే దానికి పోస్టు ఉంటుంది, జీతం ఉంటుంది, సెలవు ఉంటుంది. తల్లి చేస్తే దాన్ని ప్రేమ అంటారు.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికే వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆడవాళ్ళ లెక్క 289కి దిగింది. అయిదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు! ఆసుపత్రి వరండాలో కూర్చున్న గంటలు ఈ లెక్కల్లో ఎక్కడ పడతాయో గానీ, అవి పడేది ఎవరి నెత్తిన అన్న విషయంలో మాత్రం సందేహం లేదు.

పని ఆమెది, తప్పు కూడా ఆమెదే. మన భాష చూడండి. పైపెదవి చీలి పుట్టిన బిడ్డకి మనం పెట్టుకున్న పేరు 'గ్రహణం మొర్రి'. అంటే కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం నాడు కదలకూడని చోట కదిలిందని. జబ్బు పేరులోనే తల్లి మీద నేరారోపణ ఉంది. డాక్టరు అడిగిన "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా" ఆ ఆరోపణకు తెల్లకోటు వేసిన రూపం. అత్తగారు గ్రహణం అంటుంది, ఆసుపత్రి నిర్లక్ష్యం అంటుంది. ముద్దాయి మాత్రం మారదు.

ఇందులో మన వంతు కూడా ఉంది. పదేళ్ళ కిందట ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తల్లుల శిక్షణా పుస్తకం తయారు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. 'తల్లే మొదటి థెరపిస్టు' అని దానికి పెట్టిన శీర్షిక నాదే. సాధికారత అనుకున్నాం. రోజుకి మూడుసార్లు వ్యాయామాలు, వాటికో రిజిస్టరు, వారానికో సమావేశం. ఒక తల్లి నన్నడిగింది: "మీరు చెప్పినవన్నీ చేస్తే బీడీలు ఎప్పుడు చుట్టాలె?" నేను నవ్వేసి, వీలు చూసుకుని చెయ్యమన్నాను. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. రాజ్యం నియమించాల్సిన ఉద్యోగిని మేం ఇంట్లోనే తయారుచేసి, జీతం లేకుండా అప్పగించాం.

పుట్టకముందు బల్ల, పుట్టాక వరండా

నిపుణులందరినీ ఒకచోట కూర్చోబెట్టడం మన వ్యవస్థకి చేతకాదని నేను నమ్మను. 2021లో గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని సవరించారు. 24 వారాలు దాటిన తర్వాత పిండంలో తీవ్రమైన లోపాలున్నాయంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. అందులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు లేక సోనాలజిస్టు ఉండాలి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధనలు గడువు కూడా పెట్టాయి.

నేను గర్భస్రావ హక్కుకి వ్యతిరేకంగా మాట్లాడడం లేదు. ఆ హక్కు కోసం స్త్రీల ఉద్యమం నిలబడింది, నిలబడాలి కూడా. నేనడిగేది వేరు. బిడ్డ పుట్టాలా వద్దా అని తేల్చడానికి మూడు రోజుల్లో ఒక బల్ల చుట్టూ కూర్చోగలిగిన నిపుణులు, ఆ బిడ్డ పుట్టాక 14 నెలల్లో ఒక్కసారి కూడా ఎందుకు కూర్చోలేకపోయారు? కనాలని నిర్ణయించుకున్న తల్లికి, కడుపులో ఉండగా తెలియక కన్న తల్లికి ఆ బల్ల ఎందుకు లేదు? ఆ తర్వాతి బతుక్కి ఆసరా లేనప్పుడు 'ఎంపిక' అన్న మాటకి అర్థం ఎంత?

ఇక డబ్బు సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను పెట్టారు. రోగికి దారి చూపడం, కాగితాలు సరిచూడడం, అనుమతులు తెప్పించడం వాళ్ళ పని. వాళ్ళు లేకపోతే ఎంతోమంది పేదలకు ఆపరేషన్లు అందేవి కావు. అంటే సమన్వయకర్త అనే ఉద్యోగం మనకు కొత్త కాదు. కాకపోతే ఆ పథకం ప్రధానంగా ఆపరేషన్ల చుట్టూ, ఆసుపత్రిలో చేరికల చుట్టూ అల్లింది. మన పిల్లల అవసరం ఒక ఆపరేషనుతో ముగిసేది కాదు. బిల్లు దారి తప్పకుండా చూడడానికి మనిషిని పెట్టగలిగినవాళ్ళు, బిడ్డ దారి తప్పకుండా చూడడానికి ఎందుకు పెట్టలేరు?

చట్టమూ మన పక్షానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షను దగ్గరలో ఉచిత వైద్యం, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. 24వ సెక్షను ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి చెబుతుంది, 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న తోకతో. 2024లో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి పిల్లల సంరక్షణ సెలవు నిరాకరించడం రాజ్యాంగ విధికి విరుద్ధమంది. మంచి మాట. కానీ ఆ కేసులో తల్లి ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు. బీడీలు చుట్టే తల్లి ఎవరిని సెలవడగాలి?

'తల్లికన్నా బిడ్డని ఎవరు బాగా చూస్తారు' అని కొందరంటారు. ఎవరూ చూడలేరు, నిజమే. అందుకే ఆమెని గుమాస్తా పని నుంచి విడిపించి నిర్ణయాలు చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టమంటున్నాను. వికలాంగుల హక్కుల ఉద్యమంలోని మిత్రులు, ఈ పిల్లల్ని ఆసుపత్రి కళ్ళతోనే చూడొద్దని హెచ్చరిస్తారు. ఒప్పుకుంటాను. బడి, ఆట, స్నేహం వాళ్ళ హక్కులే. అయితే ఏడాదిలో సగం రోజులు వరండాల్లో గడిచిపోతే ఆటకి మిగిలేదేమిటి? వైద్యం ఒక పద్ధతిలో సాగితేనే మిగతా బతుక్కి చోటు దొరుకుతుంది.

మనం అడగాల్సినవి

ఒకటి, జిల్లా కేంద్రంలో నమోదైన ప్రతి బిడ్డకీ పేరున్న, జీతమున్న, జవాబుదారీ ఉన్న ఒక సమన్వయకర్త. ఈ పనిని మళ్ళీ ఆశా కార్యకర్త నెత్తిన పెట్టొద్దు. ఆమె కూడా తక్కువ డబ్బుకి ఎక్కువ చాకిరీ చేస్తున్న స్త్రీయే.

రెండు, ఒకే ఫైలు. అన్ని గదులకీ అదే, దాని నకలు తల్లి దగ్గర, ఆమెకి అర్థమయ్యే భాషలో. తెలుగు రాని కోయ, గోండు, లంబాడా తల్లులకి చదివి చెప్పే మనిషితో సహా.

మూడు, ఒకే రోజు అన్ని విభాగాలు చూడడం. ఆ రోజుకి బస్సు ఛార్జీ, పోయిన కూలి.

నాలుగు, ఏడాదికి కనీసం రెండుసార్లు నిపుణులంతా తల్లితో, తండ్రితో కలిసి కూర్చోవడం. తండ్రి రావడం దయ కాదు, బాధ్యత.

అయిదు, సంరక్షకుల భత్యం. స్తోమత అన్న తోక తీసేసి.

ఇవేవీ ఆకాశంలో నక్షత్రాలు కావు. సగం ఇప్పటికే వాళ్ళ కాగితాల మీద ఉన్నవే. మీ జిల్లా కేంద్రానికి వెళ్ళండి. ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, రెఫర్ చేసిన పిల్లల్లో ఎంతమంది చికిత్స దాకా చేరారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీ సంఘంలోని తల్లుల సంచీలు విప్పించి తేదీలవారీగా పేర్చండి. అంతకన్నా బలమైన సాక్ష్యం మరోటి లేదు.

ఇది రాస్తున్న నాటికి ఆ పిల్లవాడి పరీక్షలు ఇంకా పూర్తికాలేదు. ఆమె మళ్ళీ వచ్చే సోమవారం బస్సెక్కాలి. ఈసారి ఆ ప్రశ్న ఆమెని అడగనివ్వకూడదు. జిల్లా వైద్యాధికారి గదిలో, కలెక్టరు ముందు, శాసనసభ మెట్ల మీద మనమే అడగాలి: ఇన్నాళ్ళూ మీరేం చేస్తున్నారు?