గేమ్‌కు ముందు పావుగంట

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ వారానికి రెండు మూడు రోజులు షటిల్ ఆడేవాళ్లు హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడ, వరంగల్, రాజమండ్రిలోనూ ఏ ఇండోర్ కోర్టుకెళ్లినా కనిపిస్తారు. గంటల లెక్కన అద్దె కట్టి, నలుగురో ఆరుగురో కలిసి, కోర్టులో అడుగుపెట్టగానే డబుల్స్ మొదలుపెడతారు. టైమ్ అయిపోయేదాకా గేమ్ మీద గేమ్. కాలేజీ రోజుల్లో ఉన్న చెయ్యి ఇప్పుడు లేదని కొన్నాళ్లకు బాధపడతారు, తప్పంతా తీరిక లేకపోవడం మీద పెడతారు. తీరిక తక్కువన్న మాట నిజమే. కానీ ఉన్న కాస్త సమయాన్నీ గేమ్‌లకే ధారపోయడం వల్ల జరిగే నష్టం అంతకన్నా పెద్దదని నా అభిప్రాయం. గంటన్నర ఆటలో మొదటి పావుగంట పాయింట్లు లెక్కపెట్టని సాధనకు ఇస్తే, నేర్చుకున్న ఆటను ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు.

ఒక గేమ్‌లో మనకు దక్కే సాధన ఎంతో లెక్క వేసి చూడండి. 2006లో వచ్చిన 21 పాయింట్ల పద్ధతిలో ప్రతి ర్యాలీకీ పాయింటు ఉంటుంది. స్కోరు 21-15 అయితే ఆ గేమ్‌లో 36 ర్యాలీలు. డబుల్స్‌లో ఆ 36 సర్వీసులూ నలుగురికీ పంచితే మనిషికి దాదాపు తొమ్మిది వస్తాయి. వరసగా ఐదు గేమ్‌లు ఆడినా నలభై అయిదు దాటవు. అదే నాలుగైదు కాక్‌లు దగ్గర పెట్టుకుని పావుగంట నిలబడితే వంద సర్వీసులు చేయవచ్చు. ఇక గేమ్‌లో స్కోరు నెత్తిమీద ఉంటుంది కాబట్టి చేతకాని షాట్‌ను ఎవరూ ప్రయత్నించరు. బ్యాక్‌హ్యాండ్ టాస్ సరిగా పడనివాడు ఒళ్లు వంచి, చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తోనే కొడతాడు. పాయింటు దక్కవచ్చు గానీ బ్యాక్‌హ్యాండ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. వచ్చిన నాలుగు షాట్లనే తిప్పి తిప్పి ఆడటం వల్ల వారం వారం ఆట కుంచించుకుపోతుంది.

గేమ్‌లో అన్ని షాట్లూ కలగలిసి వస్తాయి, ఒకే షాట్‌ను పదేపదే కొట్టే సాధనకన్నా అదే మేలని కొందరంటారు. ఇందులో కొట్టిపారేయలేని నిజం ఉంది. 1986లో గూడ్, మ్యాగిల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాడ్మింటన్ సర్వీసుల మీదే ఒక ప్రయోగం చేశారు. షార్ట్, లాంగ్, డ్రైవ్ అనే మూడు రకాల సర్వీసులను కొందరికి ఒకదాని తర్వాత ఒకటిగా, కొందరికి కలగాపులగంగా మూడు వారాలు నేర్పారు. తర్వాత పరీక్షించినప్పుడు, ఎప్పుడూ సాధన చేయని రెండో వైపు నుంచి సర్వీస్ చేయించినప్పుడు కూడా, కలగాపులగంగా నేర్చినవాళ్లే ముందున్నారు. వాళ్లంతా ఆటకు కొత్తవాళ్లు, కనుక పాత ఆటగాళ్లకు అది అచ్చంగా వర్తిస్తుందని వాదించను. అయితే సాధన ఎలా ఉండాలో దాన్నుంచి తెలుస్తోంది: ఒక షార్ట్ సర్వీస్, ఒక ఫ్లిక్, మళ్లీ షార్ట్, ఒక డ్రాప్, ఒక టాస్, ఒక డ్రిబుల్. గేమ్‌లోని కలగలుపు ఉంటుంది, గేమ్‌లో దొరకని లెక్కా ఉంటుంది.

ఆదివారం మూడు గంటలు ఒకేసారి ఆడి వారం కోటా ముగించే అలవాటు కూడా మంచిది కాదు. బ్రిటిష్ పోస్టాఫీసు ఉద్యోగులకు టైపింగ్ నేర్పిన తీరు మీద 1978లో బాడ్లీ, లాంగ్‌మన్ ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం. రోజుకు ఒక్క గంటే నేర్చినవాళ్లు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకన్నా తక్కువ మొత్తం గంటల్లో కీబోర్డు పట్టు సాధించారు. విచిత్రమేమిటంటే తమ శిక్షణ మీద అందరికన్నా అసంతృప్తి ఉన్నది ఆ ఒక్క గంట వాళ్లకే. కోర్టులో చెమటోడ్చిన తృప్తి కూడా ఇలాగే మనల్ని పక్కదారి పట్టించగలదు. విడగొట్టి ఆడటంలో ఒంటికీ రక్షణ ఉంది. 1998లో స్వీడన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, షటిల్ ఆడుతూ మడమ వెనక అకిలిస్ స్నాయువు తెగినవాళ్ల సగటు వయసు 36. ఎక్కువమందికి అది ఆట మధ్యలోనో చివర్లోనో తెగింది.

ఇంత కొద్ది గంటలతో దమ్ము నిలుస్తుందా అంటే, నిలుస్తుంది, ఒక షరతుతో. 1980ల మొదట్లో అమెరికాలో హిక్సన్ బృందం, వారానికి ఆరు రోజులు కసరత్తు చేసినవాళ్లను రెండు రోజులకు తగ్గించి చూసింది. తీవ్రత తగ్గనంతవరకూ పదిహేను వారాల తర్వాత కూడా వాళ్ల ఆక్సిజన్ సామర్థ్యం దాదాపు అలాగే ఉంది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం పడిపోయింది. కాబట్టి వారానికి రెండు రోజులే ఆడేవాళ్లు ఆ రెండు రోజులూ కాళ్లకు పని చెప్పాలి. కోర్టు నడిమధ్య నిలబడి అందిన కాక్‌ను మాత్రమే కొట్టే డబుల్స్‌తో అది కుదరదు.

ఆడేది ఆనందం కోసం, మళ్లీ ఈ డ్రిల్లులెందుకు అనే మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆఫీసులో రోజంతా నలిగిన మనిషికి గేమ్‌లోని కేరింతే మందు. కానీ చేతిలో పట్టు తప్పుతున్న కొద్దీ ఆ ఆనందమూ తగ్గుతుంది. చాలామంది ఆట మానేసేది అప్పుడే. గచ్చిబౌలిలో సింధు, శ్రీకాంత్ లాంటి వాళ్లను తయారుచేసిన శిక్షణలో మల్టీ షటిల్, ఫుట్‌వర్క్ సాధన రోజూ ఉండేవే. రోజంతా ఆటకే ఇవ్వగలిగినవాళ్లే సాధన మానరు. వారానికి మూడు గంటలు దొరికేవాళ్లం మనం మొత్తం గేమ్‌లకే ఇచ్చేస్తున్నాం.

అద్దె కట్టిన కోర్టులో తోటివాళ్లు సాధనకు ఒప్పుకోరన్నది అసలైన చిక్కు. దానికి ఇంట్లోనే కొంత దారి ఉంది. నెట్ నడుమ ఎత్తు 1.524 మీటర్లు, అంటే ఐదడుగులు. షార్ట్ సర్వీస్ గీత నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో, ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది. హాల్లోనో వరండాలోనో ఐదడుగుల ఎత్తున తాడు కట్టి, ఆరున్నర అడుగులు వెనక్కి నిలబడి, కాక్ తాడుకు ఆనీ ఆనకుండా దాటేలా రోజూ పది నిమిషాలు సర్వీస్ చేయవచ్చు. మేడ మీద వద్దు, గాలికి ఫెదర్ కాక్ నిలవదు. రాకెట్ పట్టుకుని ఆరు మూలలకూ వేసే షాడో అడుగులకు కాక్ కూడా అక్కర్లేదు. ఇక కోర్టు దగ్గర పావుగంట ఎక్కడిదంటారా, నాలుగో మనిషి ట్రాఫిక్‌లోంచి వచ్చేదాకా మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటూ కూర్చునే సమయం దాదాపు ఏ బృందంలోనైనా ఉంటుంది. ఒకరు సర్వీస్, ఒకరు రిసీవ్, మూడో మనిషి కాక్‌లు అందించడం. ఐదేసి నిమిషాలకు మారితే అతను వచ్చేసరికి ముగ్గురి వంతూ అయిపోతుంది.